ఇంట్లో పోకర్ నైట్ పెడదాం అనుకుంటున్నా, 8 మందిమి. పందెం ఎంత పెట్టాలి, చిప్స్ (పందెం బిళ్లలు) ఎట్టా, కాస్త చెప్పండి

బ్రాడీపేట_అల్లుడు

అందరికీ నమస్తే. మాది గుంటూరు, బ్రాడీపేట. వచ్చే రెండో శనివారం సాయంత్రం మా ఇంట్లో పోకర్ పెడదాం అనుకుంటున్నా. నేను, మా ఆవిడ, మా బామ్మర్ది, ఆఫీసు నుంచి ఇద్దరు, ఇంజనీరింగ్ బ్యాచ్ ముగ్గురు, టోటల్ 8. టెక్సాస్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, మధ్యలో అయిదు ఉమ్మడి ముక్కలతో ఆడే పోకర్) సరిగ్గా వచ్చినోళ్లం ముగ్గురమే, మిగతా అందరూ సంక్రాంతికి ఊరెళ్తే మూడు ముక్కలు, రమ్మీ ఆడే బాపతు. నేను బెంగళూరులో ఉన్నప్పుడు యాప్‌లో ఆడేవాణ్ణి, ఇక్కడికొచ్చాక ఏపీలో ఎటూ బ్యాన్, ఇప్పుడు 2025 కేంద్ర చట్టంతో దేశం మొత్తం ఆన్‌లైన్ డబ్బు టేబుళ్లు మూతపడ్డాయి, సరేలే మంచిదే అయింది, ఎదురుగా కూర్చుని మొహాలు చూస్తూ ఆడితే వచ్చే మజా ఫోన్లో ఎక్కడిది అని ఇదంతా మొదలెట్టా.

పోయిన నెల ఒకసారి ట్రయల్ వేశాం, డబ్బుల్లేకుండా, చింతపిక్కలతో. అరగంటలో ఆట చచ్చింది. మా బామ్మర్ది ప్రతిసారీ ఆల్ ఇన్ (ఉన్నవన్నీ పెట్టేయడం) అంటాడు, ముక్కలు కూడా చూడడు, "పిక్కలే కదా బావా, పోతే మళ్లీ తెచ్చుకుందాం" అంటాడు. వాణ్ణి చూసి ఇంకొకడు, ఆ తర్వాత అందరూ. ఒక్కడు కూడా ఫోల్డ్ (ముక్కలు పడేసి ఆ ఆట వదిలెయ్యడం) చెయ్యట్లేదు, ఇంక అది పోకర్ ఎట్టా అవుతుంది, లాటరీ అవుతుంది.

పోనీ తలా ఓ 100 వేసుకుందామా అంటే మా అత్తగారు ఇంట్లోనే ఉంటారు, పేక చేతిలో కనపడితేనే కొంప కొల్లేరయినట్టు చూస్తారు, డబ్బు కూడా పెట్టారంటే ఇంక చెప్పక్కర్లేదు. ఆవిడ భయానికీ కారణం ఉందిలెండి, వాళ్ల వైపు ఒకాయన పేకాటలో పొలం పోగొట్టుకున్నారు. అందుకని అడుగుతున్నా: అసలు డబ్బు లేకుండా ఆట రంజుగా ఉండాలంటే ఏం చెయ్యాలి, చిప్స్ ఎన్ని కావాలి, సాయంత్రం మొదలెడితే రాత్రి భోజనాల టైముకి అయిపోవాలి, కొత్తవాళ్లకి ఎట్టా నేర్పాలి. అనుభవం ఉన్నోళ్లు చెప్పండి ప్లీజ్.

పటమట_రివర్‌కార్డ్

బ్రదర్, మేం విజయవాడలో నెలకోసారి ఆడతాం, చాలా కాలంగా, పటమటలో ఒక ఫ్రెండ్ వాళ్ల మేడ మీద గదిలో. నీ ప్రాబ్లం ప్రతి కొత్త గ్రూపుకీ వచ్చేదే. మీరు ఆడింది క్యాష్ గేమ్ పద్ధతి, అంటే పిక్కలు అయిపోతే గిన్నెలోంచి మళ్లీ గుప్పెడు తీసుకునే పద్ధతి, దాంట్లో డబ్బు లేకపోతే ఆట నిలబడదు, ఎవరి వల్లా కాదు. టోర్నమెంట్ పెట్టు. అందరికీ సమానంగా చిప్స్, అయిపోతే నువ్వు ఔట్, పక్కకెళ్లి కూర్చో. మీ బామ్మర్దికి ఆరున్నరకి ఆల్ ఇన్ అని ఆరూ ముప్పై అయిదుకి ఔటయ్యి, మిగతా ఏడుగురూ నవ్వుకుంటూ ఆడుతుంటే తొమ్మిదిన్నర దాకా సోఫాలో కూర్చుని చూడటం ఒకసారి తగిలితే చాలు, రెండోసారి ముక్కలు చూసి ఆడతాడు. కూర్చుని చూడాల్సి రావడమే పందెం అక్కడ. 100 రూపాయల కంటే అది ఎక్కువ మండుతుంది, నమ్ము.

లెక్క చెప్తా రాసుకో. తలా 3000 పాయింట్లు. 25 పాయింట్ల చిప్స్ 8, 100 పాయింట్లవి 8, 500 పాయింట్లవి 4. మొత్తం 3000 వస్తుంది చూసుకో, మనిషికి 20 చిప్స్. 8 మందికి 160. 300 చిప్స్ సెట్ ఒకటి కొంటే చిల్లర మార్చడానికి కూడా మిగుల్తాయి. నంబర్లు లేని ఉత్త రంగుల సెట్లే చవగ్గా వస్తాయి, పర్లేదు, ఏ రంగు ఎంతో ఒక అట్టముక్క మీద రాసి గోడకి అంటించు.

బ్లైండ్స్ (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, చిన్నది స్మాల్ బ్లైండ్, పెద్దది బిగ్ బ్లైండ్) 25-50 తో మొదలెట్టు, ప్రతి 20 నిమిషాలకీ పెంచు. 50-100, 75-150, 100-200, 150-300, 200-400, 300-600, 400-800, 500-1000. తొమ్మిది లెవెల్స్, మూడు గంటలు. టేబుల్ మీద మొత్తం 24,000 పాయింట్లు ఉంటాయి కదా, బిగ్ బ్లైండ్ 1000కి వచ్చేసరికి అందరి దగ్గరా కలిపి ఓ 24 బిగ్ బ్లైండ్లే, ఇంక సాగదు, దానంతటదే తేలిపోతుంది. ఇంట్లో ఆడే ఏ టోర్నమెంటైనా మొత్తం చిప్స్ ఓ ఇరవై బిగ్ బ్లైండ్ల దగ్గరికి వచ్చేసరికి ముగుస్తుంది, దాన్ని బట్టే టైము వెనక్కి లెక్కేసుకోవాలి. ఫోన్లో టైమర్ పెట్టు, మధ్యలో "ఇంకో రెండు ఆటలు ఆగి పెంచుదాం" అని ఎవడన్నా బతిమాలినా పెంచెయ్యి, లేకపోతే అర్ధరాత్రి అవుతుంది.

మూడో లెవెల్ అయ్యాక గంట అయినట్టు, అక్కడ బ్రేక్. అయిదో లెవెల్ అయ్యాక 25 చిప్స్ అన్నీ వెనక్కి తీసుకుని 100లు ఇచ్చెయ్యి, 150-300 తర్వాత వాటితో పనిలేదు, టేబుల్ మీద చెత్త తగ్గుతుంది.

చింతపిక్కలు మాత్రం వద్దు బాబూ. జేబులో వేసుకునొచ్చినోడు ఒకడు మా బ్యాచ్‌లో ఉన్నాడు, ఎట్టా కనిపెడతావ్ చెప్పు, పిక్కకీ పిక్కకీ తేడా ఏముంది.

మిర్చిఘాటు_జీఎన్‌టీ

ఎవరేమన్నా అనుకోండి, డబ్బు లేని పోకర్ ఉప్పులేని పప్పు. 100 రూపాయలు ఈ రోజుల్లో ఎంతండీ, అరండల్‌పేటలో ఇద్దరు టిఫిన్ తింటే అయిపోతుంది, సినిమాకెళ్తే పాప్‌కార్న్ కూడా రాదు. తలా 100, ఫస్ట్ వచ్చినోడికి 500, సెకండ్‌కి 200, థర్డ్‌కి తన 100 తనకి. 800 సరిపోయింది. ఎవడి కొంపా మునగదు. అత్తగారికి చెప్పక్కర్లేదు, వాట్సాప్‌లోనో యూపీఐలోనో తర్వాత చూసుకుంటారు, టేబుల్ మీద నోటు కనపడకపోతే చాలు.

లాపాయింట్

మిర్చి గారూ, యూపీఐలో చూసుకుంటాం అని సలహా ఇచ్చారు చూడండి, నోటు అయితే గాల్లో కలిసిపోతుంది, యూపీఐ అయితే తేదీ, టైముతో సహా రికార్డు మీరే రాసిచ్చినట్టు 😀

జోక్ పక్కన పెడితే, మనకి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 ఉంది. దాంట్లో గేమింగ్ అంటే డబ్బే కానక్కర్లేదు, డబ్బు రూపంలో గానీ ఇంకో రూపంలో గానీ గెలుపు కోసం ఆడటం. ఇల్లయినా, షెడ్డయినా, పెట్టినవాడు లాభం తీసుకుంటే, అంటే ముక్కలకి ఇంత, కూర్చున్నందుకు ఇంత, ప్రతి పాట్‌లోంచి (మధ్యలో పోగైన పందెం) ఇంత అని కమీషన్ లాగితే అది పేకాట శిబిరం లెక్కలోకి వెళ్తుంది, నడిపినవాడికీ కేసు, లోపల దొరికినవాళ్లకీ కేసు. 2020లో ఆన్‌లైన్ ఆటల్ని కూడా దీని కిందకి తెచ్చారు. 2025లో వచ్చింది కేంద్ర చట్టం, అది ఆన్‌లైన్ డబ్బు ఆటలకి, మీ డైనింగ్ టేబుల్‌కి సంబంధం లేదు.

రమ్మీ నైపుణ్యం ఆటే కదా అని చాలామంది అంటారు. నిజమే, సుప్రీంకోర్టు 1960ల్లోనే ఆ మాట అంది, అదీ అప్పటి మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన కేసులోనే, సికింద్రాబాద్‌లో ఒక క్లబ్ మీద. కానీ అదే తీర్పులో రమ్మీకి పోలిక చెప్తూ మూడు ముక్కలాటని పూర్తి అదృష్టం ఆటగా పక్కన పెట్టారు. అది రమ్మీ మీద తీర్పు, దాన్ని పట్టుకుని పోకర్‌లో డబ్బు పెట్టి ధైర్యంగా కూర్చోవద్దు. పోలీసోళ్లు తలుపు కొట్టినప్పుడు మెట్ల మీద నిలబడి నైపుణ్యం గురించి వాదించే ఓపిక ఎవరికుంది.

అల్లుడు గారికి నా మాట ఒకటే. డబ్బు వద్దు, బహుమతి వద్దు. తిండి ఖర్చు గెలిచినా ఓడినా అందరూ సమానంగా ముందే ఇచ్చెయ్యండి, దానికీ ఆటకీ ముడిపెట్టకండి.

మిర్చిఘాటు_జీఎన్‌టీ

సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో బరులు కట్టి కోట్లు ఆడతారు, మనం ఇంట్లో 100 పెడితే తప్పొచ్చిందా. సరేలే.

పటమట_రివర్‌కార్డ్

@మిర్చి, చట్టం సంగతి అటుంచు గురూ, పందెం చిన్నదిగా మొదలైతే చిన్నదిగా ఉండదు, అది నేను చూశా. మేమూ మొదట్లో 50 పెట్టాం. కొన్నాళ్లకి 100, తర్వాత ఒకడు వరసగా పోగొట్టుకుని "ఈసారి 500 చేద్దాం" అన్నాడు. పెంచుదాం అనేది ఎప్పుడూ ఓడిపోతున్నోడే, గెలిచేవాడు చస్తే అనడు. ఆ 500 నెలలో ఇద్దరు పెళ్లయినోళ్లు రావడం మానేశారు, కారణం అడిగితే పనుంది అన్నారు. అప్పుడు డబ్బు తీసేసి పాయింట్ల లీగ్ పెట్టాం. ఫస్ట్‌కి 10, సెకండ్‌కి 7, థర్డ్‌కి 5, నాలుగుకి 3, తర్వాత అందరికీ వచ్చినందుకు 1. ఉగాది నుంచి ఉగాదికి లెక్క. గోడ మీద చార్టు. ఇప్పుడు నాలుగో ప్లేసు కోసం కొట్టుకున్నట్టు 100 రూపాయలకి ఏనాడూ కొట్టుకోలేదు, ఒకడైతే ఆరోగ్యం బాలేకపోయినా మఫ్లర్ చుట్టుకుని వచ్చి ఆ 1 పాయింట్ వేయించుకుని పోయాడు.

చివరి ఇద్దరూ గిన్నెలు తోమాలి. అది బహుమతి కిందకి రాదనుకుంటా లాపాయింట్ గారూ?

లాపాయింట్

గిన్నెలు తోమడం గెలుపు కింద ఎవరూ వాదించలేరు లెండి.

కొరిటెపాడు_అక్క

ఆ గిన్నెలు తోమడం దగ్గర ఒక మాట. తోముతాం అంటారు, తీరా పది దాటాక బైకు తాళాలు తీసుకుని జారుకుంటారు, పొద్దున్నే సింకు ముందు నిలబడేది ఆ ఇంటి ఆడాళ్లు. మా ఆయన బ్యాచ్‌ని చూసే చెప్తున్నా. కాబట్టి అల్లుడు గారూ, ఆట ముగిశాక కాదు, ఔటవ్వగానే తోమించండి. పనిలో పని, ఔటయినోడికి కాలక్షేపం.

ఇంకోటి, రివర్‌కార్డ్ గారు చెప్పిన టోర్నమెంట్ మీకు పాత బ్యాచ్ కాబట్టి బాగానే ఉంటుంది. ఇక్కడ అయిదుగురు కొత్తవాళ్లు. పాపం ఏమీ తెలియని మనిషి పావుగంటలో ఔటయ్యి రెండున్నర గంటలు కూర్చుంటే వచ్చేసారి పిలిస్తే రాదు. ఆఫీసు నుంచి వచ్చే ఇద్దరూ మొహమాటానికి నవ్వి వెళ్లిపోతారు, అంతే. మీ బామ్మర్దికి బుద్ధి చెప్పడానికి పెట్టిన రూలు వాళ్ల నెత్తిన పడుతుంది. బ్రేక్ లోపల ఔటయితే ఒక్కసారి మళ్లీ చిప్స్ ఇవ్వండి. ఒక్కసారే.

ఇక ఇంట్లో ఏర్పాట్లు. డైనింగ్ టేబుల్ ఆరుగురికే ఉంటే ఎనిమిది మంది మోచేతులు తగిలి పక్కోళ్ల ముక్కలు కనపడతాయి, దాని బదులు రెండు చాపలు పరిచి మధ్యలో మందపాటి దుప్పటి మడతపెట్టి వెయ్యండి, ముక్కలు దుప్పటి మీద తేలిగ్గా లేస్తాయి, గచ్చు మీద అయితే గోళ్లతో గీరుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకి పీటలు. ఫ్యాను సంగతి మర్చిపోతారు అందరూ. మన ఎండలకి ఫ్యాను ఫుల్లు మీద పెట్టకపోతే కూర్చోలేం, పెడితే ఫ్లాప్ (మధ్యలో తెరిచే మొదటి మూడు ఉమ్మడి ముక్కలు) వెయ్యగానే మూడు ముక్కలూ లేచి ఒకటి సోఫా కిందకి పోతుంది, ఇంకోటి ఎవరి ఒళ్లోనో పడుతుంది, అప్పుడు అది చూసినట్టా చూడనట్టా అని గొడవ. ఏసీ గది ఉంటే అందులో పెట్టండి, లేకపోతే ఎవరి ముక్కల మీద వాళ్లు ఒక చిప్ పెట్టుకోవాలి, బోర్డు మీద ముక్కలకి కూడా.

తిండి: మిర్చి బజ్జీ వద్దని గుంటూరోళ్లకి చెప్పే ధైర్యం నాకు లేదు, కానీ బ్రేక్‌లోనే పెట్టండి. నూనె చేత్తో ముక్కలు పట్టుకుంటే ఇస్పేటు ఆసు వెనక బొటనవేలి ముద్ర పడి, మిగతా సాయంత్రం అంతా అది ఎవరి దగ్గరుందో అందరికీ తెలిసిపోతుంది. ఆట నడుస్తుండగా వేయించిన పల్లీలు, జీడిపప్పు, చెంచాతో తినే మరమరాలు చాలు. ముక్కలు కూడా అట్టవి కాకుండా పూర్తి ప్లాస్టిక్‌వి కొనండి, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. రెండు కట్టలు, వెనక వేరే వేరే రంగులు. ఒకరు పంచుతుంటే ఇంకొకరు రెండోది కలుపుతూ ఉంటే గంటకి చాలా ఆటలు ఎక్కువ పడతాయి.

అత్తగారిని ఆటలోకి పిలవండి. మా అత్తగారు రమ్మీలో మమ్మల్ని అందర్నీ ఉతికి ఆరేస్తారు, పోకర్ అనేసరికి అదేదో బూతు మాటలా చూశారు, పక్కన కూర్చోబెట్టుకుని రెండు ఆటలు చూపించాక ఇప్పుడు ఎవరు అబద్ధం ఆడుతున్నారో ఆవిడే చెప్తారు.

లెక్కలమాస్టారు

కొత్తవాళ్లకి నేర్పేటప్పుడు ఒక్కటి ముందే తేల్చకపోతే మొదటి గంటలోనే తగాదా వస్తుంది. మూడు ముక్కలాటలో సీక్వెన్స్ (వరస అంకెలు) కలర్‌ని (అన్నీ ఒకే గుర్తు) కొడుతుంది. పోకర్‌లో తిరగబడుతుంది, ఫ్లష్ (అయిదూ ఒకే గుర్తు) స్ట్రెయిట్‌ని (అయిదూ వరస అంకెలు) కొడుతుంది. మూడు ముక్కలు ఆడి ఆడి ఉన్న మనిషి స్ట్రెయిట్ పట్టుకుని గర్వంగా పరిచి పాట్ లాక్కుంటాడు, అవతలివాడు ఫ్లష్ పెట్టేసరికి మొహం ఎర్రబడుతుంది, "మా ఊళ్లో అయితే" అని మొదలవుతుంది.

ఎవరో ఇష్టమొచ్చినట్టు పెట్టిన రూలు కాదిది, లెక్కే అట్టా ఉంది. 52 ముక్కల్లో మూడు తీస్తే 22,100 రకాలుగా తీయొచ్చు. వాటిలో సీక్వెన్స్ 720, కలర్ 1,096, ప్యూర్ సీక్వెన్స్‌ని (ఒకే గుర్తులో వరస) రెండింట్లోంచీ తీసేశాక. అంటే సీక్వెన్స్ అరుదు, అందుకే పెద్దది. అదే అయిదు ముక్కలు తీస్తే 25,98,960 రకాలు, అందులో స్ట్రెయిట్ 10,200, ఫ్లష్ 5,108. ఇక్కడ ఫ్లష్ అరుదయిపోయింది. ఇది ఒకసారి కాగితం మీద చూపిస్తే ఎంత మొండివాడైనా ఒప్పుకుంటాడు. (సరదాకి ఇంకోటి, మూడు ముక్కలాటలో ట్రయల్ (మూడూ ఒకే అంకె) 52, ప్యూర్ సీక్వెన్స్ 48, లెక్క ప్రకారం ప్యూర్ సీక్వెన్సే పెద్దది కావాలి, కానీ మనవాళ్లు మూడు ఆసులకే పీట వేశారు. అక్కడ మాత్రం లెక్కని ఎవరూ పట్టించుకోలేదు.)

ఆసు-రెండు-మూడు కూడా చెప్పండి. మూడు ముక్కల్లో చాలాచోట్ల అది రెండో పెద్ద సీక్వెన్స్. పోకర్‌లో ఆసు-2-3-4-5 అన్నిటికంటే చిన్న స్ట్రెయిట్.

రెండోది, చేతిలో ముక్కలు విసనకర్రలా పట్టుకునే అలవాటు. రమ్మీలో 13 ముక్కలు కాబట్టి తప్పదు, ఇక్కడ రెండే. నేల మీదే ఉంచి, ఒక అరచెయ్యి అడ్డం పెట్టి, బొటనవేలితో మూల మాత్రం లేపి చూసి వదిలెయ్యాలి. మొదటి మూడు నాలుగు ఆటలు అందరూ ముక్కలు తెరిచి పెట్టి ఆడండి, చిప్స్ లెక్కలోకి రాకుండా. ఏడింట్లోంచి మంచి అయిదు తీసుకోవాలి, చేతిలో రెండూ వాడాలని లేదు, ఒకటి వాడొచ్చు, అసలు వాడకపోవచ్చు అనేది తెరిచి ఆడితేనే బుర్రకెక్కుతుంది, నోటితో చెప్తే ఎక్కదు.

బామ్మర్ది గురించి. ముక్క చూడకుండా ప్రతిసారీ ఆల్ ఇన్ అనేవాడికి భయపడక్కర్లేదు, కంగారూ పడక్కర్లేదు. కాసేపు ఫోల్డ్ చేస్తూ కూర్చోండి. చూడని ముక్కల మీద మీ రెండు ఆసులు నూటికి 85 సార్లు గెలుస్తాయి, ఆసు-రాజు 65 సార్లు. కానీ ఒక్కరే కాల్ (ఎదుటివాడు పెట్టినంతా తనూ పెట్టడం) చెయ్యాలి. సరదాకి అందరూ దిగి, మీ మీద నలుగురు ఉన్నారంటే అవే రెండు ఆసులు నూటికి ఓ 55 దగ్గరికి పడిపోతాయి. రెండు ఆసులు వచ్చేదే 221 ఆటలకి ఒకసారి, కాబట్టి వాటి కోసమే కూర్చోకండి, ఏ మంచి జత వచ్చినా, ఆసుతో పెద్ద ముక్క వచ్చినా కాల్ కొట్టొచ్చు.

బ్రాడీపేట_అల్లుడు

అబ్బ, అందరికీ చాలా థాంక్స్. ఇన్ని చెప్తారనుకోలా.

డబ్బు తీసేశాం, ఫిక్స్. 3000 పాయింట్ల చిప్స్ లెక్క రాసుకున్నా. అక్క చెప్పినట్టు బ్రేక్ లోపల ఒక్కసారి మళ్లీ చిప్స్, కానీ నాకు ఒక ఐడియా వచ్చింది, మళ్లీ తీసుకున్నోడికి లీగ్‌లో 2 పాయింట్లు కోత పెడితే ఎట్టా ఉంటుంది? కొత్తవాళ్లకి మొదటి నెల కోత లేదు, బామ్మర్దికి మొదటి రోజు నుంచే.

అత్తగారికి విషయం చెప్పా, డబ్బు లేదు, తిండి ఖర్చు అందరం పంచుకుంటాం అని. "డబ్బు లేకపోతే ఎందుకాడతార్రా" అన్నారు. ఆవిడా మిర్చి గారూ ఒకే పార్టీ 😂 ఆడతానని అనలేదు గానీ, పల్లీలు నేను వేయిస్తాలే అన్నారు, అది నాకు చాలు ఇప్పటికి.

ఇప్పుడు అసలు డౌటు. ముగ్గురు ఆల్ ఇన్ అయ్యి ఒక్కొక్కరి దగ్గర ఒక్కోలా చిప్స్ ఉంటే పంచేది ఎట్టా? యాప్‌లో అదే చూసుకునేది, నేనెప్పుడూ చేత్తో చెయ్యలా.

పటమట_రివర్‌కార్డ్

కోత ఐడియా అదిరింది, మేం కూడా పెడతాం.

సైడ్ పాట్ తేలికే, ఎప్పుడూ చిన్నోడి దగ్గర్నుంచి మొదలెట్టు. బామ్మర్ది దగ్గర 500, నీ దగ్గర 1200, ఇంకొకడి దగ్గర 2000 అనుకో, ముగ్గురూ ఆల్ ఇన్. ముందు ముగ్గురి దగ్గర్నుంచీ 500 చొప్పున తీసి మధ్యలో పెట్టు, 1500, అది మెయిన్ పాట్, దానికి ముగ్గురూ పోటీ. తర్వాత మీ ఇద్దరి దగ్గరా ఇంకో 700 చొప్పున తీసి పక్కన పెట్టు, 1400, అది మీ ఇద్దరిదే, బామ్మర్దికి అందులో చెయ్యి లేదు. మూడోవాడి దగ్గర మిగిలిన 800 వాడికి వెనక్కి ఇచ్చెయ్యి, దానికి ఎదురు పెట్టినోడే లేడు కదా. ముక్కలు తెరిచాక ముందు సైడ్ పాట్ తేల్చి, తర్వాత మెయిన్ పాట్ తేల్చు. బామ్మర్ది గెలిచినా 1500 కంటే ఒక్క చిప్ ఎక్కువ రాదు, రాకపోతే "నేను గెలిచా కదా మొత్తం నాదే" అని గోల చేస్తాడు, ముందే చెప్పు.

రెయిజ్ (పందెం పెంచడం) ఎంత చెయ్యాలనేది కూడా అడుగుతారు. బిగ్ బ్లైండ్ 100 ఉన్నప్పుడు ఒకడు 300 చేశాడంటే 200 పెంచినట్టు, తర్వాతోడు పెంచాలంటే కనీసం ఇంకో 200 పెంచి 500 చెయ్యాలి. "300 కాల్... ఆఁ, ఇంకో 400" అని రెండు విడతలుగా చిప్స్ తొయ్యడం కుదరదు, ఎదుటోడి మొహం చూసి పెంచుతున్నట్టు. నోటితో ముందు అంకె చెప్పాలి, చెప్పిందే ఖాయం. చిప్స్ పాట్‌లోకి విసరొద్దు, ఎవరి ముందు వాళ్లు పెట్టాలి, రౌండు అయ్యాక మధ్యలోకి లాగాలి.

చివర్లో ఇద్దరే మిగిలినప్పుడు అందరూ తికమకపడతారు, అప్పుడు బటన్ (పంచేవాడి గుర్తు బిళ్ల) ఉన్నోడే స్మాల్ బ్లైండ్ పెడతాడు, ఫ్లాప్ ముందు వాడే మొదట ఆడతాడు, ఫ్లాప్ తర్వాత చివర. ఇది పేపర్ మీద రాసి పెట్టుకో, రాత్రి తొమ్మిదింటికి ఎవరికీ గుర్తుండదు.

మిర్చిఘాటు_జీఎన్‌టీ

ఇద్దరికీ సమానమైన చెయ్యి వచ్చి పాట్ సగం సగం చేస్తే ఒక చిప్ బేసిగా మిగిలితే ఎవరిది? మా బ్యాచ్‌లో టాస్ వేస్తాం.

పటమట_రివర్‌కార్డ్

టాస్ అక్కర్లేదు గురూ. పంచుకుంటున్న ఇద్దరిలో బటన్‌కి ఎడమ పక్క నుంచి లెక్కేస్తే ముందు ఎవరొస్తారో వాళ్లకి. మీరు డబ్బుతో ఆడేటప్పుడు అయితే టాస్ వేసుకోండి, మాకెందుకు 😄

కొరిటెపాడు_అక్క

అల్లుడు గారూ, పల్లీలు అత్తగారు వేయిస్తున్నారు సరే, పొట్టు ఎవరు ఊడుస్తారో కూడా చార్టులో రాయండి.